రష్యా ప్రార్థనకి నేను వేసిన శ్రుతి

ఆ రోజుల్లో నేను గొంతెత్తితే అమెరికాలో మేమున్న పార్సిప్పనీ ఊళ్ళో కిటికీ అద్దాలు కంపించేవంటే మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. (కంపించింది అపార్ట్‌మెంట్ లాండ్రీ రూమ్‌లో డ్రయ్యర్ మీద నేను పెట్టుకున్న కాఫీ గ్లాసు. అదీ డ్రయ్యర్ వల్ల.) ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులు. ఒక ఆదివారం ఆ డ్రయ్యర్ హోరుకి శ్రుతి కలిపి మంద్రంలో కూనిరాగం తీస్తుంటే, పై అంతస్తులో ఉండే రష్యన్ పెద్దావిడ బట్టల బుట్టతో అలాగే నిలబడిపోయింది. "సంగీతం నేర్చుకున్నావా?" అంది. "క్లాసికల్, మేడమ్. పన్నెండేళ్ళు" అన్నాను. (మూడు నెలలు. అందులోనూ మా గురువుగారు నా చేత ఎక్కువగా శ్రుతిపెట్టే వేయించారు.)

ఆవిడ దగ్గర్లోని చర్చిలో గాయక బృందాన్ని నడుపుతోంది. వాళ్ళ నాన్న చిన్నప్పుడు మాస్కోలో ఒక మహానుభావుడి దగ్గర పాడాడట. ఆ స్వరకర్త వందలకొద్దీ ప్రార్థనా గీతాలు రాశాడు. ఒక్క వాయిద్యం ఉండదు, మనుషుల గొంతులే గోడలూ గోపురమూ. ప్రభుత్వం మారి, అలాంటి పాటలు వద్దంది. చివరికి ఆయన పాడించిన పెద్ద చర్చినే కూల్చేసింది. ఆ తరవాత ఆయన ఇక సంగీతమే రాయలేదట. "నాన్న పేరున ఒక్కసారి ఆయన పాట పాడించాలి. అట్టడుగు స్వరం పలికే గొంతు దొరక్క ఇన్నేళ్ళూ ఆగాను" అంది ఆవిడ.

రిహార్సల్స్‌లో ఆవిడది ఒకటే పోరు: "చివర నేను చెయ్యి పైకెత్తగానే అందరూ ఆగాలి. ఆ నిశ్శబ్దం కూడా పాటే. కూలిపోయిన చర్చి వినపడేది అక్కడే." అందరికంటే గట్టిగా తలూపింది నేనే.

చర్చిలో పాట పాడే రోజు సాయంత్రం నా రూమ్మేట్, వరంగల్‌వాడు, నన్ను కార్‌లో దింపి ముందు వరసలో కూర్చున్నాడు. పాట మొదలైంది. ఇందులో మాత్రం అతిశయోక్తి లేదు: గొంతులు ఒకదాని మీద ఒకటి లేస్తుంటే, నేను పలికే స్వరం కాళ్ళ కింది చెక్కలోంచి మళ్ళీ నాలోకే వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. అదే నా కొంప ముంచింది. మన కచేరీల్లో పాట అయిపోయినా శ్రుతి ఆగదు కదా! ఆవిడ చెయ్యెత్తింది, అందరూ ఆగారు, నేను మాత్రం నిశ్చింతగా శ్రుతి వేస్తూనే ఉన్నాను. కళ్ళు తెరిచేసరికి చర్చి అంతా నన్నే చూస్తోంది. ఆవిడ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. భయంతో నా గొంతు మెల్లగా ఆగిపోయింది. అప్పుడు వచ్చింది నిశ్శబ్దం. ఆవిడ చాలాసేపు చెయ్యి దించలేదు.

"ఏంది భాయ్, అందరు ఆపిండ్రు గద, నీకు బ్రేకులు పడలేదా?" అన్నాడు రూమ్మేట్ బయట. అంతలో ఆవిడ రానే వచ్చింది. "సారీ మేడమ్. నేను నేర్చుకున్నది పన్నెండేళ్ళు కాదు, మూడు నెలలే" అని కక్కేశాను.

"తెలుసు. మొదటి రోజే పాట స్వరాల కాగితం తలకిందులుగా పట్టుకున్నావు."

"మీ నిశ్శబ్దం పాడుచేశాను."

ఆవిడ కోటు బొత్తాలు పెట్టుకుంది. "అందరూ ఆగాక ఒక్క గొంతు మిగిలింది. తరవాత అదీ ఆగింది. చర్చి కూల్చిన రోజుల గురించి నాన్న చెప్పింది అచ్చం ఇలాగే ఉండేది" అంది. తరవాత వేలు చూపించి, "ఈసారి మాత్రం కళ్ళు తెరుచుకుని పాడు" అంది.

ముప్ఫై ఏళ్ళుగా ఈ కథని "జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు" అని ముగిస్తూ వచ్చాను. (లేచింది ఇళ్ళకి పోవడానికి.) ఇప్పుడు కార్‌లో ఆ పాట పెట్టుకుని గొంతు కలుపుతుంటాను. చివరి స్వరం దగ్గర సరిగ్గా ఆగిపోతున్నాను కూడా. క్రమశిక్షణ అనుకునేరు, ఊపిరి అందక.