రెండింతల వేగం

హైస్కూలు పిల్లల ఆన్‌లైన్ వ్యాపార పోటీలకు నేను మూడేళ్లుగా జడ్జిని. వాళ్లు పంపిన మూడు నిమిషాల వీడియోలను వర్తూరు నుంచి వైట్‌ఫీల్డ్ ఆఫీసుకు వెళ్లే బస్సులోనే, రెండింతల వేగంతో చూసేదాన్ని. సగంలోనే మార్కులు వేసేసేదాన్ని.

ఒకరోజు పక్క సీట్లో నర్సు దుస్తుల్లో ఉన్న ఒకావిడ నా ఫోన్‌లోకి తొంగిచూసింది.

"ఆ పిల్ల ఏమమ్మా, అంత బిరబిర మాట్లాడతా ఉండాది?"

"పిల్లల పోటీకి వచ్చిన వీడియో," అన్నాను.

"పోయిన సంవత్సరం మా పాప గూడా ఇట్లాంటిదే పంపింది. ఇంగ్లీషు తడబడకుండా చెప్పేకి నెల దినాలు అద్దం ముందర నిలబడింది."

"గెలిచిందా?"

"లేదమ్మా. గెలవలేదని బాధ లేదు దానికి. పూర్తిగా చూసినారో లేదో అని ఇప్పటికీ అడుగుతాది. అంత చదువుకున్నోళ్లు చూడకుండా ఉంటారా అని నేనే సర్దిచెప్తా ఉంటా."

వీడియోను మొదటికి తెచ్చి మామూలు వేగంతో పెట్టాను. ఆ అమ్మాయి నిదానంగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మాట్లాడుతోంది. ఆవిడ కూడా చివరిదాకా చూసింది.

ఆవిడ ఆసుపత్రి స్టాపులో దిగిపోతుంటే పాప పేరు అడగాలనుకున్నాను. పోయినేడు నేను మార్కులు వేసిన జాబితా ఇంకా ఫోన్‌లోనే ఉంది. అడగలేదు.