బొట్టు పెట్టిన ఫ్లాపీ

అమ్మ పోయిన ఏడాదే, తెనాలిలో నేను పనిచేసే డి.టి.పి. సెంటర్‌లో కంప్యూటర్‌కి వైరస్ పట్టింది. గుంటూరు నుంచి ఒక ఇంజినీరు వచ్చి విండోస్ తీసేసి మళ్ళీ వేశాడు. మీ ఫైళ్ళన్నీ డి డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయని చెప్పి వెళ్ళాడు. ఉన్నమాట నిజమే. తెరిస్తే మాత్రం తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు, పేజీలకు పేజీలు. ఆ రోజుల్లో మేం వాడే తెలుగు ఫాంటు ఉంటేనే ఆ గుర్తులు తెలుగుగా కనిపించేవి. అది పాత విండోస్‌తో పాటే పోయింది.

ఆ ఫైళ్ళలో ఒకటి మా అమ్మ మాటలు. ఆమె మంచం పట్టిన ఆరు నెలలూ, ఆదివారాలు రేపల్లెలో పక్కన కూర్చుని, తన చిన్నతనం గురించి చెప్పినవి చిత్తుకాగితాల మీద రాసుకునేదాన్ని. సోమవారం మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక టైపు చేసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. కంప్యూటర్‌లో ఎక్కింది ఇక పోదని నమ్మి, కాగితాలు పొయ్యిలో వేశాను.

ఆ ఫాంటు ఉన్న ఫ్లాపీ బీరువాలో ఉంది. మా యజమాని దాన్ని పెడితే డ్రైవు గరగరమని ఆగిపోయింది. బయటికి తీసి చూశారు. దాని రేకు మూత సందులో ఎర్రగా కుంకుమ.

"దీనికి బొట్టెవరు పెట్టారమ్మా?"

దసరాకి ఆయుధపూజనాడు మిషన్లన్నిటికీ బొట్లు పెట్టమని నాకు చెప్పింది ఆయనే. మానిటర్‌కీ ప్రింటర్‌కీ అయ్యాక గంధం, కుంకుమ మిగిలితే ఫ్లాపీలకూ వరసగా పెట్టాను.

"నేనేనండి."

"ఇంకా నయం, దాని మీద కొబ్బరికాయ కొట్టలేదు" అని నవ్వారు. "పోనీలే తల్లీ. ఎలాగూ కొత్త తెలుగు సాఫ్ట్‌వేర్ కొంటున్నాంగా. పాతవన్నీ పంచేసిన కరపత్రాలే. రేపు తుడిచేద్దాం, జాగా కలిసొస్తుంది."

సాయంత్రం ఆయన షట్టర్ దించబోతుంటే చెప్పాను.

"అందులో ఒకటి నాదండి. మా అమ్మ చెప్పినవి. ఇంకెక్కడా లేవు."

ఆయన తాళాలు పక్కన పెట్టారు. "పొద్దున్నుంచీ చెప్పవేంటమ్మా" అని, బాపట్లలో అదే పాత ఫాంటు వాడే ప్రెస్సాయనకు చీటీ రాసిచ్చారు.

మర్నాడు ఫైలుని కొత్త ఫ్లాపీలో ఎక్కించుకుని బాపట్ల వెళ్ళాను. ప్రెస్సాయన పెద్దవారు. ఫైలు తెరవగానే తెర మీద తెలుగు వచ్చింది. అక్షరాలు సరిగా పడ్డాయో లేదో చూడటానికి, ప్రూఫు చదివే అలవాటు కాబోలు, పైకి చదవడం మొదలుపెట్టారు. పక్కన పనిచేస్తున్న ఇద్దరు ఆపరేటర్లు తలలెత్తారు.

"'అడవులదీవిలో మా నాన్న బడిపంతులు. నాకు రాయడం వచ్చని తెలిసి, చేపలమ్మే ఆవిడ, దూరాన ఉన్న తన కొడుక్కి ఉత్తరం రాయమంది. ఏం రాయాలని అడిగితే, బాగున్నానని రాయమంది. ఆవిడకి ఒంట్లో బాగాలేదు. అయినా అలాగే రాశాను. తప్పు చేశానేమో అని ఇప్పటికీ అనుకుంటాను.'"

నాకొక్కదానికే చెప్పిన మాట అది. ఆపమనలేక గోడవైపు చూస్తూ నిలబడ్డాను.

"వత్తులన్నీ సరిగానే ఉన్నాయి. ఎవరమ్మా ఈవిడ? ఎదురుగా కూర్చుని చెప్పినట్టుంది."

"మా అమ్మండి."

"ఇంకా చెబుతున్నారా?"

"లేరండి."

ఆయన కుర్చీలోంచి లేచారు. "కూర్చో తల్లీ. మిగతాది నువ్వే చూసుకో. మాకు టీ వేళయింది" అని ఆపరేటర్లిద్దరినీ వెంటబెట్టుకుని బయటికి నడిచారు.

ఒంటరిగా కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఒక్క మాటా పోలేదు. ప్రింటుకి ఇచ్చాను. వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఇంకా కాగితాలు వస్తూనే ఉన్నాయి. ఆయన కాసేపు ఏదో సర్దుకున్నారు. తర్వాత, నా వైపు చూడకుండానే, "ఆ కొడుకు వచ్చాడా అమ్మా?" అని అడిగారు.

"వచ్చాడండి. కాకపోతే ఆలస్యంగా" అన్నాను. అమ్మ చెప్పినవాటి గురించి బయటివాళ్ళతో నేను మాట్లాడటం అదే మొదలు. ఆ కొడుకు వచ్చిన సంగతి మూడో పేజీలో ఉంది. వెతికి ఆయన చేతికిచ్చాను.