గుంటల కత్తి, కాటయ్య గుండు

కాటయ్య ఏ వస్తువును బాగుచేసినా ముందు తన ఒంటి మీద వాడి చూసుకోనిదే సొంతదారుకు ఇవ్వడు. ముప్పై ఏళ్లు మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఫిట్టర్‌గా చేసి, ఇప్పుడు సూర్యాపేటలో ఒక్క షటర్ కొట్టు పెట్టుకున్న ఆ మనిషికి ఈ పట్టింపు ఎక్కడ అంటుకుందో కట్టుకున్న పుష్పకే అంతుపట్టలేదు.

కోదాడలో ఎవరివో చంకకర్రలు బాగుచేసి, వాటి మీద కుంటుకుంటూనే బస్సెక్కి ఇచ్చొచ్చాడు. దారిలో ఒక నిండు గర్భిణి లేచి సీటిచ్చిందట.

"కూసున్నవా?" అని పుష్ప నిలదీసింది.

"కూసుంటే కర్రల సంగతి ఎట్ల తెలుస్తదే?"

ఇంకెవరిదో ఉయ్యాల గొలుసు అతికించి అందులో పడుకుంటే, బయటికి లాగడానికి ముగ్గురు కావలసి వచ్చింది. గొర్రె మెడ గంటను సరిచేసి, తన మెడకే కట్టుకుని కూరగాయల మార్కెట్ చుట్టివచ్చిన నాటి నుంచి పుష్ప రెండు రోజులు గడప దాటలేదు.

అలాంటివాడి దగ్గరికి మునగాలలో క్షౌరశాల నడిపే సైదయ్య వచ్చి, గుడ్డ విప్పి పాత మడత కత్తి ఒకటి తీశాడు. తుప్పు తిని తిని బ్లేడంతా గుంటలు పడి ఉంది.

"నా కొడుకు పుట్టెంట్రుకలు మా నాయన గీ కత్తితోనే తీసిండు కాటన్నా. గిప్పుడు మనుమనివి నేను తియ్యాలె. మూడు వారాలే ఉంది."

పక్కనే ఉన్న కోడలు శ్రీవాణి, కోదాడ పిల్ల, చంటివాణ్ణి గుండెకు హత్తుకుంది. "వద్దు మామయ్యా! మీ సెలూన్లో కొత్త బ్లేళ్లు లేవా? ఈ తుప్పు నా బిడ్డ తలకి తగలనివ్వను."

సైదయ్య ముఖం చిన్నబోయింది. కాటయ్య కత్తిని వెలుతురుకు తిప్పి చూశాడు. "నీ భయం సరైందే బిడ్డా. బాగుచేసి తెస్త. అప్పుడు గూడ వద్దంటే వద్దు."

తుప్పు గురించి ఇక్కడొక మాట చెప్పుకోవాలి. నాలుగు ఊళ్లు తిరిగి, నాలుగు పుస్తకాలు చదివినవాళ్లు దాన్ని ముసలితనంతో పోలుస్తారు. కాటయ్యకు అంత వేదాంతం లేదు. కత్తి వీపు మీద గుంటలుంటే చూపుకే లోటు. అంచున ఒక్కటున్నా, అక్కడ పదును రాలిపోయి చర్మాన్ని గీరుతుంది. అతనికి తెలిసిందంతా ఇదే.

కిరసనాయిలులో నానబెట్టాడు. మిషను చక్రం మీద పెడితే వేడికి ఉక్కు మెత్తబడుతుందని, తడిపిన ఎమరీ పేపరుతో చేత్తోనే రుద్దాడు. పన్నెండో రోజు సానరాయి మీద పదునుపెట్టి గడ్డం గీసుకున్నాడు. చెంప మీద మూడు గాట్లు.

"దొరికింది! అంచుకు ఇంక గుంట ఉంది!"

"నెత్తురు కారుతుంటే నవ్వుతవేందయ్యా!"

ఇంకాస్త అరగదీశాడు. బ్లేడు వెడల్పు సగమైంది.

శనివారం పుష్ప బజారు నుంచి వచ్చేసరికి కాటయ్య నున్నటి గుండుతో కూర్చుని ఉన్నాడు. ఆమె చేతిలో సంచి జారిపోయింది.

"ఎవరు పోయిన్రయ్యా?"

"ఎవ్వరు పోలే. చాయ్ పెట్టు."

కానీ వీధి ఊరుకుంటుందా? పక్కింటి లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. ఎవరు ఫోన్ చేశారో, నిడమనూరు నుంచి పుష్ప తమ్ముడు భిక్షపతి కొత్త తువాలు పట్టుకుని ఏడ్చుకుంటూ ఆటో దిగాడు.

"ఆపురా! అందరం బతికే ఉన్నం," అంది పుష్ప.

"మరి గుండేందక్కా?"

"మీ బావనే అడుగు."

"పోనీ, తిరుపతి లడ్డన్న వెట్టరాదమ్మా," అంది లచ్చమ్మ, వచ్చినందుకు ఏదో ఒకటి దక్కాలన్నట్టు.

వాళ్లు వెళ్లాక పుష్ప విరుచుకుపడింది. "గడ్డం గీసుకున్నది సాలదా?"

"చెంప ఏరు, నెత్తి ఏరు పుష్పా. ఆ పిలగానిది ఏడాది నెత్తి. ఏడ మంటైతుందో చెప్పలేడు. తెగేదేదో నాకే తెగనీ అనుకున్న."

 పుష్ప అతని తలను కిటికీ వైపు తిప్పి, వేలితో తడుముతూ వెతికింది. ఒక్క గాటూ లేదు. చాయ్‌లో చక్కెర రెండు చెంచాలు ఎక్కువే పడింది.

ఆదివారం మునగాలలో శ్రీవాణి కత్తిని చూడలేదు, కాటయ్య తలను చూసింది.

"అంతా దీంతోనేనా బాబాయ్?"

"దీంతోనే బిడ్డా. చెయ్యి వెట్టి సూడు."

పెట్టి చూసింది. నవ్వాపుకోలేక, బిడ్డను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి, సైదయ్యకు తల ఊపింది. సైదయ్య ఊపిరి బిగబట్టి మొదలుపెట్టాడు. పిల్లవాడు ఎదురుగా మెరుస్తున్న కాటయ్య గుండునే చూస్తూ కేరింతలు కొట్టాడు. చుక్క నెత్తురు రాలేదు. గంధం పూసేటప్పుడు మాత్రం సైదయ్య కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత సైదయ్య కాటయ్య వెనకవైపుకు వచ్చి, చెవి వెనక చేయి అందక మిగిలిపోయిన కుచ్చును చూశాడు.

"గిదేందన్నా, కోతకొచ్చిన మడి సగం ఇడిసినవ్? కూసో, నేను తీస్త."

అంతవరకు తన పరీక్షలన్నీ తానే చేసుకున్న కాటయ్య బుద్ధిగా కూర్చుని తల వంచాడు. అతని వెంట వచ్చిన పుష్ప చెంబుతో నీళ్లు పోసింది.

"జర మెల్లగ సైదన్నా," అంది. "కత్తికి గుంటవడితే మల్ల బాగుచేస్తడు. గీ తలకాయకు వడితే నాకు ఇంకోటి యాడ దొరుకుతది?"