చిన్నమ్మ వాకిట్లో నా చోటు

మా పక్కింటి చిన్నమ్మ పోయిందని నాకు ఫోన్ చేసి చెప్పింది, ఆమెకు ఏ చుట్టరికమూ లేని అపార్ట్‌మెంట్ అమ్మాయి. "పొద్దున చాయ పోసిచ్చిన అక్కా. తాగి మంచంల ఒరిగింది, ఇగ లేవలే" అంది ఏడుస్తూ. నాకు ముందుగా తట్టింది ఒక్కటే, ఆఖరి చాయ ఈ అమ్మాయి చేతిదా అని. రాయడానికి సిగ్గుగానే ఉంది.

చిన్నమ్మ మాకూ బంధువు కాదు. కరీంనగర్‌లో మగ్గాలాడే మా గల్లీలో ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య గోడ ఒకటే. భర్త లోపల చీరలు నేస్తుంటే ఆమె వాకిట్లో కూర్చుని దారం కండెలు చుట్టేది. పిల్లలు లేరు. బడి నుంచి రాగానే సంచి పడేసి ఆమె పక్కన చేరేదాన్ని. బియ్యప్పిండి గిన్నెకు అద్ది గిన్నెప్ప కాల్చిన రోజు ఎర్రగా వేగిన అంచు నాకే. మిగతా పిల్లలు చెయ్యి చాస్తే "గది దానిది" అనేది. ఆ రెండు మాటలు వినడానికే వెళ్లేదాన్నేమో.

తర్వాత గల్లీ జాగాకు ధర వచ్చింది. ఒక్కొక్కరే అమ్ముకున్నారు, మా బాపు కూడా. మా ఇంటి చోట ఐదంతస్తులు లేచాయి. ఎదురుగా జిమ్, మూలన కాఫీ షాపు. భర్త పోయినా చిన్నమ్మ మాత్రం అమ్మలేదు. అడగవచ్చిన బిల్డరుతో, "పొద్దున లేస్తే నేనెవరితోని మాట్లాడాలె? నువ్వొస్తవా రోజూ?" అందట.

నేను పెళ్లయి ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడకు వెళ్లిపోయాను. రెండేళ్ల కిందట చూడ్డానికి వస్తే, ఫోన్ చేసిన ఈ అమ్మాయే ఆమె ముందు కూర్చుని తల దువ్వించుకుంటోంది. చిన్నమ్మ "రా బిడ్డా" అంది కానీ దువ్వడం ఆపలేదు. ఆ ఎండాకాలం అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోతే చిన్నమ్మ తన బావి నీళ్లు తోడుకోమందట. అలా మొదలయ్యాయట రాకపోకలు.

అమ్మాయి వెళ్లాక, "ఎవరు చిన్నమ్మా?" అన్నాను.

"మీ ఇల్లున్న జాగలనే ఉంటది. మూడో అంతస్తు."

"నా జాగా బాగనే దొరికింది ఆమెకు."

చిన్నమ్మ నవ్వలేదు. "నువ్వు ఏడాదికోపారి వస్తవు. గా పొల్ల పొద్దుమాపు వస్తది. నన్నేం చెయ్యమంటవో చెప్పు."

ఆ రోజు గిన్నెప్ప అంచు నా పళ్లెంలోనే వేసింది. అయినా మిగిలిన సగం మూతపెట్టి ఎవరి కోసం పక్కన ఉంచిందో చూస్తూనే తిన్నాను.

పదకొండో రోజు కర్మకు వెళ్తే ఆ అమ్మాయి నా పక్కన కూర్చుంది. "అక్కా, అప్పట్ల చిన్నమ్మ ఎట్లుండేది? జర చెప్పవా?"

"గుర్తు లేదు" అన్నాను.

అంతా గుర్తుంది. చెబితే అదీ ఆమెదైపోతుందని దాచుకున్నాను. చిన్నమ్మ వింటే నొచ్చుకునేది. ఇచ్చిన కొద్దీ ఆమె దగ్గర ఏదీ తగ్గినట్టు నేనెన్నడూ చూడలేదు. అది మాత్రం నాకు అబ్బలేదు.

మర్నాడు బస్సెక్కే ముందు గల్లీలోకి వెళ్లాను. ఆమె మరిది కొడుకులు ఇంటికి తాళం వేసి పోయారు. కాఫీ షాపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆ అమ్మాయి కూరగాయల సంచితో వచ్చింది. నన్ను చూడలేదు. గేటు దగ్గర ఆగి, "చిన్నమ్మా, తోటకూర లేతగ దొరికింది" అని లోపలికి కేకేసింది.

కేకేశాక తాళం చూసింది. తోటకూర కట్ట అప్పటికే సంచిలోంచి సగం బయటికి తీసి ఉంది. అలాగే పట్టుకుని నిలబడింది.