లోపలి చేతికి అందే గడియ

మా అమ్మాయి పోయింది. ఈ చలికాలం మొదట్లో, టౌరంగా ఆసుపత్రిలో, పొద్దున పూట, నా చెయ్యి తన చేతిలో ఉండగానే. మీలో చాలామందికి అప్పుడే తెలిసింది. ఫోన్లు చేశారు, వండి తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళారు. ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను. అందుకే మన తెలుగువాళ్ళ గ్రూపులో ఇది రాస్తున్నాను. పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, తప్పులుంటే సర్దుకోండి.

మీ అమ్మాయి ఏం పని చేస్తుందని అడిగితే "బళ్ళకి తలుపులు పెడుతుంది" అనేదాన్ని. "తలుపులు కాదమ్మా, తలుపులకి గడియలు" అని సరిదిద్దేది. పనివాళ్ళు సామాను పెట్టుకునే ట్రక్కులు, గుర్రాలను తీసుకెళ్ళే బళ్ళు, అందులోనే పడుకుంటూ ఊళ్ళు తిరిగే వ్యాన్లు, వీటి తలుపులకీ పక్క మూతలకీ లాచ్‌లు, తాళాలు బిగించడం తన పని. వాళ్ళ నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారు. ఇది ఇక్కడికి, ఈ న్యూజిలాండ్‌కి వచ్చింది ఏదో ఆఫీసు చదువు కోసం. ఆ చదువు అవగానే వెళ్ళి బళ్ళు కట్టే షెడ్డులో చేరింది. "ఇనుము వాసన లేకపోతే నాకు ఊపిరాడదమ్మా" అంది. ఆయన పోయాక నన్నూ తన దగ్గరికి తెచ్చుకుంది.

వచ్చిన కొత్తలో నేను కారు తలుపు వేస్తే వీధంతా ఉలిక్కిపడేది. లారీ తలుపు అలా కొడితేనే పడేది మరి.

"ఎవరి మీదమ్మా కోపం? డోర్ ఏం చేసింది నిన్ను?"

"పడిందో లేదోనని."

"కొడితే పడదు. మెల్లగా నొక్కి విను. చప్పుడు రెండుసార్లు రావాలి. ఒక్కసారే వచ్చిందంటే అది మూసుకున్నట్టు నటిస్తోంది."

అక్కడే నిలబెట్టి మళ్ళీ మళ్ళీ వేయించేది. ఎదురింటి ముసలాయన కిటికీలోంచి చూస్తుంటే నాకు సిగ్గేసేది. ఎవరింటికి వెళ్ళినా తనదదే వరస. భోజనానికి పిలిచినవాళ్ళ కారు వెనక తలుపు గలగలమంటోందని నేల మీద కూర్చుని కొక్కెం సరిచేసేది. "అన్నం చల్లారిపోతుందే" అంటే, "దారిలో తలుపు ఊడితే అన్నం ఎవరు తింటారు?" అనేది.

ఎక్కువసార్లు అనే మాట ఇంకొకటి ఉంది. "లోపల మనిషి ఉన్నారనుకునే గడియ పెట్టాలి." మనిషి పట్టేంత పెట్టె ఏదైనా సరే, లోపలి నుంచి తీసుకునే వీలు లేకపోతే ఒప్పుకునేది కాదు. "సామానేగా ఉండేది అంటారమ్మా. ఆ సామాను లోపలికెళ్ళి పెట్టేది మనిషే కదా, గాలికి తలుపు పడితే?" దీని కోసం షెడ్డు యజమానితో పోట్లాడేది. అమ్మాయి అంత్యక్రియలకు ఆయన వచ్చి టోపీ చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆ పిల్లతో పోట్లాడి ఎప్పుడూ గెలవలేదు అన్నాడు. ఆయన ఇంగ్లీషులో నాకు అర్థమైంది ఆ ఒక్క మాటే.

తన కోసం ఒక పాత తెల్ల వ్యాన్ కొనుక్కుంది. ఇంటి ముందు గడ్డిలో పెట్టి ఆదివారాలు దాంట్లోనే ఉండేది. చిన్న మంచం, అరలు కట్టింది. సముద్రం అవతలున్న సౌత్ ఐలాండ్ అంతా తిప్పుతానంది నన్ను. కివీ పళ్ళు పెట్టెల్లో సర్దే ప్యాక్‌హౌస్‌లో పని చేసి నా కుడి భుజం పైకి లేవదు. అందుకని పక్క తలుపుకి లోపల ఉన్న గడియ ఊడదీసి కిందికి దించింది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, "ఇప్పుడు అందిందా? ఇప్పుడు?" అని అడుగుతూ పెన్సిలుతో గుర్తు పెట్టుకుంది. ఆ తరవాత జబ్బు బయటపడింది. మేం ఎక్కడికీ వెళ్ళలేదు.

ఆసుపత్రిలో అంది, "అమ్మా, వ్యాన్ వాళ్ళకిచ్చెయ్." వాళ్ళంటే మా ఇంటికి సొంతవాళ్ళలా వచ్చిపోయే వరంగల్ అమ్మాయీ, ఆమె భర్తా. ఆ అమ్మాయికి సౌత్ ఐలాండ్‌లోనే ఉన్న డునెడిన్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. కాపురం మొత్తం అంత దూరం మోసుకెళ్ళాలి. సరేనన్నాను. అప్పుడు తను ఏమడిగినా సరేననేదాన్ని.

తీరా ఇవ్వబుద్ధి కాలేదు. తన గదిలో ఇంకా మందుల వాసనే. వ్యాన్‌లో మాత్రం ఇనుము, గ్రీజు, తను తలకు రాసుకునే కొబ్బరినూనె. రోజూ మధ్యాహ్నం ఎక్కి గడియ పెట్టుకుని కూర్చునేదాన్ని. వాళ్ళ ప్రయాణం దగ్గరపడుతోంది. వాళ్ళు నోరు తెరిచి అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు. ఇది కూడా ఇచ్చేస్తే నా బిడ్డ ఇంకెక్కడుంటుంది?

ఒకరోజు వాన పడుతుంటే వరంగల్ అమ్మాయి వచ్చి తలుపు తట్టింది.

"ఆంటీ, లోపలున్నరా? చాయ తెచ్చిన."

పలకలేదు.

"ఉన్నరని తెలుసు. చెప్పులు ఈడనే ఉన్నయ్."

మంచం మీద ఇంకా వెనక్కి జరిగాను.

"బయటి నుంచి తీసుడు ఎట్లనో అక్క నాకు చూపెట్టింది. గని నేను తియ్య. మీరు తీస్తెనే వస్త." గొంతు తలుపుకి దగ్గరగా వచ్చింది. "బండి కోసం రాలే ఆంటీ. మేం సామాను ఇంకోదాంట్ల ఏసుకపోతం. మీరు తిన్నరో లేదోనని వచ్చిన. చాయల వాన నీళ్లు పడుతున్నయ్. ఇగ ఇది మీరే తాగాలె."

నవ్వొచ్చింది నాకు. తను పోయాక అదే మొదలు. నవ్వు వెనకే ఏడుపు. చెయ్యి చాపాను. భుజం ఎత్తకుండానే గడియ చేతిలోకి వచ్చింది. నేను బయటికి రావడానికే కదా తను అంత కొలిచింది అనిపించింది.

ఆ పిల్ల నిలువునా తడిసి ఉంది. లోపలికి లాగి, ఇద్దరం ఆ నీళ్ళ టీ తాగాం.

"బండి మీదే. తను చెప్పింది" అన్నాను.

"వద్దాంటీ."

"వద్దంటే తనకే చెప్పుకో. దానితో ఎవరు గెలిచారు?"

వాళ్ళు బయలుదేరే రోజు ఎదురింటాయన చెట్టు నిమ్మకాయలు అడిగి తెచ్చి చక్రాల కింద పెట్టాను. కుంకుమ ముందు అద్దానికి పెట్టలేదు, ఆ గడియకి పెట్టాను. బండి కదిలి నిమ్మకాయలు చిట్లుతుంటే ఆయన తన గేటు దగ్గర నిలబడి, ఎందుకని అడక్కుండా తల ఊపాడు. మలుపు తిరిగేదాకా ఇద్దరం చెరోవైపు నిలబడ్డాం.

ఒక్కదానికి అన్నం వండుకోవడం నాకింకా కొలత తెలియడం లేదు. రోజూ మిగులుతోంది. వ్యాన్ ఉన్న చోట గడ్డి పాలిపోయి, వ్యాన్ అంత పొడుగునా మచ్చ ఉండిపోయింది. నిన్న పొద్దున చూస్తే రెండు గోరింకలు, అచ్చం మన వైపు గోరింకలే, ఆ ఎండిన చోటికి దిగాయి. ఇన్నాళ్ళూ చినుకు తగలని నేల ఇప్పుడు మెత్తబడినట్టుంది. ముక్కుతో పొడుస్తూ, నడుస్తూ, ఏదో వెతుక్కుంటున్నాయి. నేను రాత్రి మిగిలిన అన్నం గిన్నెతో గుమ్మంలోకి వచ్చి, ఎగిరిపోతాయేమోనని మెట్టు దిగకుండా నిలబడ్డాను.