మోదుగుపువ్వు మీద పెద్దమ్మ గోడ

ఇప్పుడు తెర మీద వేలు ఆనిస్తే చాలు, పువ్వు వెనక మంచు కావాలన్నా మట్టిగోడ కావాలన్నా ఫోనే పరిచేస్తుంది. నేను స్టూడియోలో పని నేర్చుకునే రోజుల్లో ఇంత సుఖం ఎక్కడిది? పట్టుదల అనే జబ్బు ఉన్నవాళ్లు గోడ కోసం ఎండలో తిరగాల్సిందే. ఆ జబ్బు నాకు కాస్త ముదిరే ఉండేది.

మంచిర్యాల దగ్గర బొగ్గుగనుల కాలనీలో మా క్వార్టర్. బజారులోని స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించి కవర్లలో పెట్టడం నా పని. కంప్యూటర్ ముందు కూర్చునే అన్న హైదరాబాదు వెళ్లిపోవడంతో అక్కడి తిరుగుడు కుర్చీ ఖాళీ అయింది, నా కన్ను దాని మీద పడింది. మా ఓనరును అందరూ లైటింగ్ సారు అనేవాళ్లు (టీలో చక్కెర తక్కువైనా లైటింగ్ సరిగ్గా లేదనేవాడు). ఆయన నాకొక పరీక్ష పెట్టాడు. "పిల్లల డాక్టరుకు హాల్‌ల పెట్టనీకి పెద్ద పువ్వు ఫొటో గావాల్నట. ఆదివారం లోపల చేసి సూపెట్టు. మంచిగొస్తే కుర్చీ నీదే." రాకపోతే ఏమవుతుందో మా బాపు, అదే నాన్న, ముందే చెప్పి ఉంచాడు. "గీ కత్తెర పని బందు పెట్టి కరీంనగర్‌ల బ్యాంకు కోచింగ్‌కు పో." లెక్కలంటే నాకు చలిజ్వరం. ఏమైనా సరే ఆ కుర్చీ వదిలేది లేదనుకున్నాను.

చెన్నూరు రోడ్డు పక్కన మోదుగుపువ్వును సారు కెమెరాతో మంచి వెలుతురులో తీశాను. పువ్వు బాగుంది, వెనకాల మాత్రం బోసిగా ఉంది. దానికి మందు టెక్స్‌చర్ లేయర్. అంటే పువ్వు ఫొటో మీద ఒక గోడ ఫొటో పరిచి, దాన్ని పలచబరిచి, రేకుల మీద మాత్రం తుడిచేయడం. పువ్వు పాతకాలపు గోడ మీద గీసిన బొమ్మలా తేలుతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఇటుకగోడ ఒకటి వేసి గర్వంగా చూపించాను. సారు తల అటూ ఇటూ వంచి చూసి, "గీ గోడ ఎవ్వలిదమ్మా? మన దిక్కు గిసొంటి ఇటుకలే లేవు గదా. పువ్వు మనది, గోడ పరాయిది. లైటింగ్ కలుస్తలేదు" అన్నాడు. ఒళ్లు మండింది. కానీ మాట నిజమే. సరే, నా గోడ నేనే తెచ్చుకుంటానని బయల్దేరాను.

మా లైన్ చివర, మూలక్వార్టర్ పెద్దమ్మ ఇంటి గోడ చూసి ప్రాణం లేచొచ్చింది. నీలం సున్నం పెచ్చులూడి, లోపలి పసుపు కనిపిస్తూ, మధ్యలో సన్నటి పగుళ్లు. ముక్కు ఆనేంత దగ్గరగా ఫోన్ పెట్టి తీస్తుంటే పెద్దమ్మ బయటికొచ్చింది.

"ఏం బిడ్డా, కంపెనీ వాళ్లు పంపిండ్రా?"

"లేదు పెద్దమ్మా, పువ్వు మీద వేస్తా."

"పువ్వు మీద గోడ ఏస్తవా?" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

సాయంత్రానికల్లా గనుల కంపెనీ క్వార్టర్ల సర్వే చేయిస్తోందని లైనంతా పాకింది. పక్కవాళ్లు నన్ను లాక్కెళ్లి బాత్రూంలో ఊడిన గచ్చు చూపించి, "గిది గూడ తియ్యి, జర దగ్గరికెళ్లి తియ్యి" అన్నారు. (తీశాను. గచ్చు నిజంగానే బాగుంది.)

తీరా పెద్దగా చేసి చూస్తే ఫోన్ ఫొటోలు మసకబారిపోయాయి. శనివారం సారును బతిమాలి మళ్లీ కెమెరా పట్టుకుని పరుగెత్తాను. నా గోడ సగం తెల్లగా మెరిసిపోతోంది. పెద్దమ్మ చేతిలో కుంచె, మోచేతిదాకా సున్నం.

"గోడ ఖరాబున్నదని రాసుకుంటే ఖాళీ చెయ్యమంటరు బిడ్డా. ఇప్పుడు తియ్యి, ఎంత మంచిగున్నదో."

మెట్టు మీద కూలబడి ఏడ్చేశాను. కుర్చీ పోయింది, లెక్కలు వచ్చి పడ్డాయి. పెద్దమ్మ పరేషాన్ అయిపోయి, "ఏడ్వకు బిడ్డా, గీకి పారేస్త" అంటూ అట్లకాడ తెచ్చింది. వద్దని లేస్తూ గోడ వైపు చూశాను. అప్పుడే వేసిన సున్నం ఇంకా తడిగా ఉంది. కుంచె చారల కింద నుంచి నీలం, పగుళ్లు పలచగా కనిపిస్తున్నాయి. పక్కన ఆరిన చోట అంతా తెలుపే. అంటే ఆరేలోపల తీయాలి.

"పెద్దమ్మా, ఇంకో చోట వెయ్యి" అన్నాను. ఆమె కుంచె ముంచి వేస్తుంటే, వెనకాలే నేను తీస్తూ పోయాను. ఎండ పడకుండా పక్కింటి వాళ్లు దుప్పటి పట్టుకున్నారు. ఎందుకో ఎవరికీ తెలియదు, అయినా పట్టుకున్నారు.

ఆదివారం ఫొటో చూసిన సారు నోట లైటింగ్ మాట రాలేదు. కుర్చీ మీది దుమ్ము దులిపి నా వైపు నెట్టాడు.

డాక్టరు హాల్లో ఫొటో పెట్టగానే పెద్దమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆమె కొంగు సర్దుకుని చాలాసేపు చూసింది. తర్వాత చుట్టూ కూర్చున్నవాళ్లను చూసి నా చెవిలో, "లోపలి నీలం కనవడ్తున్నది. రెండో పూత ఎయ్యకముందే ఎందుకు తీసినవే?" అంది. అటు తర్వాత జ్వరమొచ్చిన పిల్లను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పోయే ప్రతి తల్లినీ ఆపి, "గా ఫొటోల ఉన్నది ఒక్క పూతనే. తర్వాత నేను రెండోది గూడ ఏసిన" అని చెప్పి పంపేది.

ఇంత చెబుతూ నా పేరు ఒక్కసారైనా ఎత్తదేమని తిరుగుడు కుర్చీలో కూర్చుని ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నా ఫొటోను అంత శ్రద్ధగా చూసిన మనిషి ఆ ఊళ్లో ఆమె ఒక్కతే.