మంచి మాటలన్నీ సూదికే పోయాయి

మా వీధి చివర ఉన్న చిన్న ఆసుపత్రిలో ఇంజెక్షన్లు వేసే ఆవిడను అందరూ సూదమ్మ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, ఆవిడ చెయ్యి మాత్రం దూదే. మందు చల్లగా ఉంటే నొప్పి ఎక్కువని సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెట్టేది. ముసలివాళ్ళు బల్ల దిగుతుంటే తానే వంగి చెప్పులు వాళ్ళ కాళ్ళ దగ్గరకు జరిపేది. ఇన్నేళ్ళలో ఒక్కరిని కసిరింది లేదు. సూది పట్టుకుని దగ్గరకొచ్చి, ఎంతో ప్రేమగా, "ఏం కాదు నాన్నా" అనేది.

ఆ మాటకే జనం వణికిపోయేవారు.

ఏం కాదు అంటే ఏమీ కాదనే కదా అర్థం! కానీ ఆవిడ నోట ఆ మాట వచ్చిన మరుక్షణం ఏదో ఒకటి అయి తీరేది. లారీ తోలే మనిషి, తలుపంత వెడల్పు ఉంటాడు, అది వినగానే బల్ల అంచు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. ఒకసారి కిరాణా కొట్టులో చిల్లర లేదని కొట్టాయన నసుగుతుంటే, "ఏం కాదులెండి" అందట. పాపం, ఆయన చెయ్యి తనకు తెలియకుండానే తుంటి మీదికి పోయింది.

ఇలాంటివన్నీ చూసి ఆవిడ నవ్వుకునేది. మనవరాలి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ నవ్వు ఆగిపోయింది.

కూతురు పొరుగూళ్ళో ఉంటుంది. తల్లి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి నమ్మదు. అందుకని పుట్టినప్పటి నుంచి పిల్లకు టీకాలన్నీ ఇక్కడికే తెచ్చి వేయించింది. ఇప్పుడు పిల్లకు మాటలొచ్చాయి, కూతురికి ఉద్యోగం వచ్చింది. పనిరోజుల్లో పిల్లను ఎవరో ఒకరి దగ్గర ఉంచాలి.

"ఆదివారం దాకా ఇక్కడే ఉంటానమ్మా. ఈలోపు నీకు మాలిమైతే సరే. కాకపోతే మా అత్తగారి దగ్గర దింపేస్తాను. నువ్వేమీ అనుకోకూడదు మరి" అంది కూతురు.

"కన్న కూతురి పిల్ల నా దగ్గరకు రాదుటే?" అని సూదమ్మ చేతులు చాచింది. "రా, బంగారుతల్లీ!"

పిల్ల ఒక చూపు చూసింది. రెండు చేతులతో తొడలు కప్పుకుని మంచం కిందికి దూరింది.

"బంగారుతల్లి అనకమ్మా. దూదితో తుడిచేటప్పుడు అదే అంటావు."

"పోనీ, చిట్టితల్లీ?"

మంచం కింద ఏడుపు మొదలైంది.

"అది సూది గుచ్చేటప్పుడు."

"భయం లేదురా కన్నా!"

ఏడుపు పక్కింటి దాకా వెళ్ళింది.

గడియారాలు బాగుచేసే సూదమ్మ భర్త కంటి అద్దం తీసి, "నా దగ్గరకు వస్తోంది చూశావా? నేను ఒక్క మాటా మాట్లాడను. అదే కిటుకు" అన్నాడు.

"మీరు జన్మలో ఎప్పుడు మాట్లాడారు గనక!" అంది సూదమ్మ. అన్నదే గానీ, ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుని కళ్ళు ఒత్తుకుంది. "స్వామీ, నాకొచ్చిన మంచి మాటలన్నీ సూది దగ్గరే ఖర్చు పెట్టేశాను. ఈ పసిదానికి ఒక్కటీ మిగలలేదు."

శనివారం పొద్దున కూరల బండి వచ్చింది. బండి తోసే ఆవిడ నోటికి వీధి వీధంతా జంకుతుంది. పిల్ల గుమ్మం దాటి వెళ్ళి ఒక టమాటా తీసి కొరికింది.

"ఓసి దొంగమొహమా! బోణీ కాకుండానే దోచుకుంటున్నావా? ఇలా రా, నీ పళ్ళు రాలగొడతా!"

పిల్ల కిలకిలా నవ్వి ఆవిడ చంకెక్కింది. సూదమ్మ నోరు తెరిచి చూసింది.

"అన్ని తిట్లు తిని నీ చంకెక్కిందేమిటి వదినా?"

"నా తిట్టు వెనకాల సూది లేదు కదా వదినా."

"అయితే నాకూ నాలుగు నేర్పు."

"నీకా! ఏదీ, దొంగమొహం అను."

"దొంగ... మొహం గారూ."

"గారేమిటి, శుభలేఖ రాస్తున్నావా? పళ్ళు రాలగొడతా అను."

"అయ్యో, పాలపళ్ళు వదినా!"

కూరలావిడ నవ్వలేక బండి మీదికి వాలిపోయింది. అయినా బేరం మానుకుని మరీ పాఠం చెప్పింది. వెళ్తూ వెళ్తూ ఇంకో టమాటా పిల్ల చేతిలో పెట్టింది.

ఆదివారం సంచి సర్దడం అయిపోయింది. పిల్ల మంచం కిందే ఉంది. సూదమ్మ గది మధ్యలో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని నోరు తెరిచింది.

"ఎవతే అది, నా మంచం కింద? దొంగా! గజదొంగా! బయటికి రా, చెవులు మెలేస్తా!"

మంచం కింద నుంచి ఒక తల బయటికొచ్చింది.

"మల్లీ తిట్టు."

"తిట్టనా? నిన్ను..." నేర్చుకున్న పాఠం అక్కడితో అయిపోయింది. "నిన్ను... బెండకాయలా తరిగి, బండి మీద పెట్టి అమ్మేస్తా!"

"అమ్మెయ్!" అంటూ పిల్ల పాక్కుంటూ వచ్చి మెడకు చుట్టుకుంది.

ఆ తర్వాత ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. రాక్షసీ, పిడుగా, గడుగ్గాయీ అంటూ సూదమ్మ ఏడుస్తూనే తిట్టింది. కూతురు సంచిలోంచి పిల్ల గౌన్లు తీసి గూట్లో పెట్టి, ఒక్కతే బస్సెక్కింది.

సాయంత్రం దీపం ముందు పిల్ల అమ్మమ్మ పక్కనే చేతులు జోడించి కూర్చుంది.

"స్వామిని ప్రేమగా పిలువమ్మా" అంది సూదమ్మ.

పిల్ల కాసేపు ఆలోచించింది. తనకు తెలిసిన అన్నిటికంటే ప్రేమైన మాట వెతుక్కుంది.

"దొంగా! గజదొంగా! బయతికి రా!"

సూదమ్మ నాలుక కరుచుకుని వెనక్కి చూసింది. గడియారాలాయన అద్దం పెట్టుకుని పనిలో ఉన్నాడు, వినలేదు. అప్పుడు ఆవిడ పిల్ల చేతులు తన చేతుల్లోకి తీసుకుని, గొంతు బాగా తగ్గించి, తానూ ఒకసారి అలాగే పిలిచింది.